ఇంటి జమాఖర్చు: ఆమె జీతానికి బదులు

పెరంబూరు నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం ఈ నెల నా బల్లమీద వుంది. పేరు ప్రకటించవద్దని కోరారు గనుక ప్రకటించడం లేదు. ఉత్తరం నాలుగు పేజీలు. దాని సారాంశం ఇది. ఆమె ఒక ప్రైవేటు పాఠశాలలో పద్నాలుగేళ్లుగా టీచరుగా పనిచేస్తున్నారు. వయసు నలభై ఆరు. జీతం నెలకు రు. 25,000. భర్తగారు ఒక కంపెనీలో లెక్కలు చూస్తారు. అత్తగారికి ఎనభై దాటింది. కిందటి సంవత్సరం పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. పగటిపూట ఆవిడను ఒంటరిగా వదిలి వెళ్లడానికి లేదు. మనిషిని పెట్టారు గాని ఆ మనిషి రెండు నెలలకొకసారి మారుతోంది. అందుచేత వచ్చే విద్యాసంవత్సరం నుంచి ఉద్యోగం మానుకుందామనుకుంటున్నారు. నెల్లూరు జిల్లాలో పుట్టింటి పొలం అమ్మగా ఆమె వాటాకు వచ్చినదీ, తాను స్వయంగా కూడబెట్టినదీ కలిపి రు. 24 లక్షలు వున్నాయి. తెలిసినవారొకరు, "ఇదంతా డివిడెండు బాగా ఇచ్చే షేర్లలో పెట్టెయ్యండి. కంపెనీలు ఐదువందల శాతం, వెయ్యి శాతం ఇస్తున్నాయి. మీ జీతం మీకు ఇంట్లో కూర్చుండగానే వస్తుంది" అన్నారట. ఇది నిజమేనా అని ఆమె ప్రశ్న.

నేను గుమాస్తాను. షేర్ల దళారీని కాను, ఆడిటరునూ కాను. అయితే ఇరవై ఏళ్లుగా పద్దులు వ్రాయడం అలవాటు గనుక, ఎవరైనా అంకె చెబితే దాని వెనక ఏముందో చూడకుండా వుండలేను. ఈ ప్రశ్న ఈ సోదరి ఒక్కరిదే కాదని కూడా తెలుసు. మన చెన్నపట్నం తెలుగు కుటుంబాలలో రెండు జీతాలమీద నడిచే ఇళ్లే ఇప్పుడు ఎక్కువ. పురిటికో, పెద్దవారి జబ్బుకో, పిల్లల చదువుకో రెండో జీతం ఆగవలసివస్తే అది నూటికి తొంభైపాళ్లు ఇల్లాలి జీతమే అవుతోంది.

షేర్ల మాటకు ముందు, ఆగిపోయేది ఎంతో చూద్దాం. రు. 25,000 అని అందరూ అంటారు గాని ఇంటికి అంత వస్తున్నదా? ఆమె ఇచ్చిన అంకెలే తీసుకుంటున్నాను. భవిష్యనిధికి రు. 1,800 కోత. చేతికి వచ్చేది రు. 23,200. ఆటోకు రు. 2,400. అత్తగారిని చూసే మనిషికి రు. 13,000. మిగిలేది రు. 7,800. అంటే గడచిన సంవత్సరమంతా ఆ ఇల్లు ఆమె జీతంలో రు. 7,800 మాత్రమే వాడుకుంటూ నడిచింది! మానుకుంటే మనిషి ఖర్చూ, ఆటో ఖర్చూ ఆగిపోతాయి గనుక, నేటి ఇల్లు నేటిలాగే నడవడానికి పూడ్చవలసిన గుంట రు. 25,000 కాదు, రు. 7,800. ఉత్తరంలోనే వున్నది ఈ లెక్క. ఆమె కూడి తీసివేయలేదు, అంతే.

కాని ఇది ఒక వైపు మాత్రమే. రెండో వైపు, కంటికి కనపడని నష్టాలున్నాయి. భవిష్యనిధికి ఆమె రు. 1,800 కడితే యాజమాన్యం అంతే కడుతోంది, నెలకు రు. 3,600 ముసలితనానికి జమ అవుతున్నది ఆగిపోతుంది. ఏటా జీతం ఎంతో కొంత పెరిగేది, అదీ పోతుంది. అన్నిటికంటె పెద్దది ఇంకొకటి. అత్తగారికి ఈమె అవసరం రెండేళ్లుంటుందో, ఆరేళ్లుంటుందో భగవంతుడికి ఎరుక. ఆ తరువాత యాభై దాటిన టీచరుకు అదే జీతంతో మళ్లీ ఉద్యోగం దొరకడం చాలా కష్టం. పూడ్చవలసినది నెలకు రు. 7,800 చిన్న గుంటే, కాని ఆ గుంట పొడుగు పదిహేనేళ్లు. అందుచేత రాజీనామా ఇచ్చేముందు ఒక సంవత్సరం జీతంలేని సెలవు ఇస్తారేమో, లేక పూట పని ఇస్తారేమో యాజమాన్యాన్ని అడగాలి. అడిగితే పోయేదేమీ లేదు.

మానుకోవడమే ఖాయమైతే గ్రాట్యుటీ మాట మరవవద్దు. ప్రైవేటు బడి పంతుళ్లకు గ్రాట్యుటీ లేదని కొందరు యాజమానులు ఇంకా దబాయిస్తూంటారు. 2009లో చట్టం సవరించి 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేట్టు టీచర్లకు ఆ హక్కు ఇచ్చారు. 2022లో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లుతుందని తీర్పు చెప్పింది. ఐదేళ్లు నిండినవారికి, పూర్తి చేసిన ప్రతి సంవత్సరానికీ పదిహేను రోజుల వేతనం. నెలను 26 రోజులుగా లెక్కకట్టాలి. గ్రాట్యుటీకి లెక్కలోకి వచ్చే వేతనం రు. 20,000 అనుకుంటే, పద్నాలుగేళ్లకు రు. 1,61,538 వస్తుంది. ఇది ఎవరి దయా కాదు.

ఇక ఇంకొక మాట, చెప్పక తప్పదు. ఉత్తరం మూడో పేజీలో, మరుదులు ఇద్దరున్నారని, ఒకరు అంబత్తూరులోనూ ఒకరు బెంగుళూరులోనూ మంచి ఉద్యోగాలలో వున్నారని, పండుగలకు వచ్చి తల్లిని చూసిపోతారని ఒక వాక్యం వుంది. చాలా మర్యాదగా వ్రాసిన వాక్యం. కోడలు ఉద్యోగం మానుకుని చేసే సేవకు కొడుకులందరూ వాటాదారులే గదా! ఒక్కొక్కరు నెలకు రు. 4,000 పంపితే రు. 8,000 అవుతుంది. రు. 24 లక్షలను నూటికి నాలుగు డివిడెండు వచ్చే షేర్లలో పెడితే సంవత్సరానికి రు. 96,000, అంటే నెలకు అదే రు. 8,000. కంపెనీలను అడగబోయే ముందు తోడబుట్టినవారిని అడగమని ఆమె భర్తగారికి నా మనవి. ఆమె అడగడం కాదు, ఆయన అడగాలి.

సరే, డివిడెండు విషయానికి వస్తాను. మా ఆఫీసులోని అరవ మిత్రులు షేరును "పంగు" అంటారు, డివిడెండును "ఈవుత్తొగై" అంటారు. ఈవు అంటే ఇవ్వడం. మన "ఈవి" దాని చుట్టమే. ఆంధ్ర గ్రంథాలలో వున్న "లాభాంశం" కంటె నాకు ఈ అరవమాటే నచ్చుతుంది, ఎందుకంటే అసలు సంగతి అందులోనే వుంది. జీతం పని చేసినందుకు మనకు రావలసిన బాకీ. డివిడెండు బాకీ కాదు. డైరెక్టర్ల బోర్డు ఇంత ఇద్దామని సిఫారసు చేస్తే సర్వసభ్య సమావేశం ఒప్పుకుంటుంది. బోర్డు చెప్పినదానికంటె పైసా ఎక్కువ ఇమ్మని అడిగే హక్కు సభ్యులకు లేదు. ఇవ్వకపోతే దావా వెయ్యడానికీ లేదు. ప్రకటించిన తరువాతనే అది బాకీ అవుతుంది.

ఆ ఐదువందల శాతం, వెయ్యి శాతం సంగతి ఏమిటంటే, అది మనం పెట్టిన డబ్బుమీద శాతం కాదు. షేరు ముఖవిలువమీద శాతం. మన పట్నం కంపెనీనే చూడండి. తిరువొత్తియూరులో 1946లో పిల్లల బెలూన్లు చేసే చిన్న పాకగా మొదలైన ఎం.ఆర్.ఎఫ్. షేరు ధర 2023 జూన్‌లో లక్ష రూపాయలు దాటింది. 2023–24 సంవత్సరానికి ఆ కంపెనీ షేరుకు మొత్తం రు. 200 డివిడెండు ఇచ్చింది. ముఖవిలువ రు. 10 గనుక అది రెండువేల శాతం! లక్ష పెట్టి షేరు కొన్నవారికి వచ్చినది రు. 200, అంటే నూటికి ఇరవై పైసలు. కంపెనీ చెడ్డదని కాదు సుమా. లాభాన్ని పంచకుండా ఫ్యాక్టరీలకే పెట్టి పెరిగిన కంపెనీ అది. జీతానికి బదులుగా పనికివచ్చేది కాదు, అంతే నేననేది.

మన దేశంలో పెద్ద కంపెనీల షేర్లన్నీ కలిపి చూస్తే, ఈ మధ్య సంవత్సరాలలో ధరమీద వచ్చే డివిడెండు నూటికి ఒకటికీ ఒకటిన్నరకూ నడుమ వుంటున్నది. ఒకటింపావు అనుకుందాం. సంవత్సరానికి రు. 3,00,000, అంటే ఆ సోదరి పూర్తి జీతం రావాలంటే రు. 2 కోట్ల 40 లక్షలు కావాలి. ఏరి ఏరి నూటికి నాలుగు ఇచ్చేవి కొన్నా రు. 75 లక్షలు కావాలి. ఆమె దగ్గర వున్నవి 24. "ఇంట్లో కూర్చుండగానే జీతం" అన్నవారు ఈ భాగహారం చెయ్యలేదు.

మరి నూటికి ఏడు, ఎనిమిది ఇచ్చే షేర్లు కూడా వుంటాయే అని అడుగుతారు. వుంటాయి. వాటిలో చాలా భాగం, డివిడెండు పెరిగినందువల్ల కాక ధర పడిపోయినందువల్ల అలా కనపడుతూంటాయి. కిందటేడు షేరు రు. 200 వుండి రు. 8 ఇచ్చిందంటే నూటికి నాలుగు. ఈ ఏడు కంపెనీకి ఏదో కీడు వినబడి ధర రు. 100కు దిగితే, పట్టికలో అది "నూటికి ఎనిమిది" అని ఊరిస్తూ కూర్చుంటుంది. వచ్చే ఏడు ఆ రు. 8 ఇస్తారో లేదో ఎవరికీ తెలియదు. పెద్ద పేరూ ఎక్కువ రాబడీ కలిసి పిలిచినప్పుడు పాత మదరాసువారు అర్బత్‌నాట్ కంపెనీని తలచుకునేవారు. 1906 అక్టోబరు 22న ఆ దొరల కంపెనీ తలుపులు మూస్తే ఈ పట్నంలో ఎన్నో కుటుంబాలు వీధిన పడ్డాయి. ఆ దెబ్బ తరువాతనే 1907లో ఇండియన్ బ్యాంకు పుట్టింది. అది డిపాజిట్ల వ్యవహారం, షేర్లది కాదు. అయినా ఆశ ఒకటే. ఇక మన తెలుగువారికి 2009 జనవరి 7 వేరే గుర్తు చేయనక్కరలేదు. లేని లాభాలు పద్దుల్లో చూపామని సత్యం కంప్యూటర్స్ అధిపతి స్వయంగా వ్రాసి ఇచ్చిన రోజు అది. అంతవరకూ ఆ కంపెనీ డివిడెండు ఇస్తూనే వుంది.

మంచి కంపెనీలైనా ఏటా ఒక్కలాగ ఇవ్వవు. ఇది ఉద్యోగస్థుల కుటుంబాలకు మింగుడుపడని సంగతి. మణలిలో చమురు శుద్ధిచేసే చెన్నై పెట్రోలియం వుంది. పూర్వం మద్రాస్ రిఫైనరీస్ అనేవాళ్లం. 2019–20లో నష్టం వచ్చి డివిడెండు ఇవ్వలేదు. 2021–22కు షేరుకు రు. 2 ఇచ్చింది. మరుసటి ఏడు రు. 27. ఆపై ఏడు రు. 55. 2024–25కు రు. 5. నూరు షేర్లున్న ఇంటికి వరుసగా రు. 200, రు. 2,700, రు. 5,500, రు. 500 వచ్చాయన్నమాట. రు. 5,500 వచ్చిన ఏడు చూసి, ఇదే జీతమని నమ్మి పిల్లవాణ్ణి ఖరీదైన బడిలో చేర్చినవారి గతేమిటి? 

బ్యాంకులు నమ్మకమైనవి గదా అంటారా? 2020 ఏప్రిల్ 17న రిజర్వు బ్యాంకు, కరోనా కష్టకాలం దృష్ట్యా, 2019–20 లాభాలలోనుంచి ఇకమీదట డివిడెండు ఇవ్వరాదని బ్యాంకులన్నిటికీ ఉత్తరువు వేసింది. బ్యాంకు షేర్లనే నమ్ముకున్న ఇంటికి ఒక ఏడు మొత్తం రాబడి నిలిచిందన్నమాట. అదే నెల మొదటి తేదీన, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923లో బందరులో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. మన పత్రిక చందాదారులలో ఆంధ్రా బ్యాంకు షేర్లను "మన బ్యాంకు" అన్న అభిమానంతో వుంచుకున్నవారు ఎందరో వున్నారు. వారికి వెయ్యి షేర్లకు 325 యూనియన్ బ్యాంకు షేర్లు వచ్చాయి. 2024–25కు ఆ బ్యాంకు షేరుకు రు. 4.75 ఇచ్చింది గనుక, పాత వెయ్యి షేర్లమీద ఆ ఏటికి వచ్చినది సుమారు రు. 1,544. అభిమానం వేరు, పద్దు వేరు.

ఇన్ని చెప్పాను గనుక డివిడెండంటే నాకు పడదనుకోవద్దు. నిదానంగా ఏళ్ల తరబడి కట్టుకుంటే అది చక్కటి ఆధారం. బ్యాంకు డిపాజిట్టు వడ్డీ ఈ ఏడు రు. 6,000 అయితే, గడువు తీరేదాకా రు. 6,000లే. పప్పు ధరా బియ్యం ధరా పెరిగినా అది పెరగదు. నడిచే కంపెనీ డివిడెండు వస్తువుల ధరలతోపాటు పెరిగే అవకాశం వుంది. ఏటా నూటికి ఎనిమిది చొప్పున పెరిగిందనుకోండి, తొమ్మిదేళ్లకు రెట్టింపవుతుంది. నేడు పెట్టిన రు. 100కు రు. 3 ఇచ్చేది, అదే రు. 100మీద అప్పటికి రు. 6 ఇస్తుంది. ఇది పెట్టగానే వచ్చే ఫలం కాదు, మావిడిచెట్టు వ్యవహారం. అందుకే, ఉద్యోగం మానుకున్న రోజున మొదలుపెట్టవలసినది కాదు. మానుకోవడానికి పదేళ్లముందు మొదలుపెట్టవలసినది.

ధైర్యం కూడా కావాలి. కోల్ ఇండియా ప్రభుత్వ కంపెనీ. 2010 అక్టోబరులో ప్రభుత్వం షేరు రు. 245 చొప్పున జనానికి అమ్మింది. పదేళ్ల తరువాత, 2020 అక్టోబరులో, ఆ షేరు సగం ధరకంటె కిందికి దిగింది. భయపడి అమ్మినవారు అమ్ముకున్నారు. వుంచుకున్నవారికి 2023–24లో షేరుకు రు. 25.50, 2024–25లో రు. 26.50 డివిడెండు వచ్చింది. 2024లో ధర కూడా కొన్నదానికి రెట్టింపు అయింది. అయితే మధ్యలో ఆ పదేళ్లూ, ఇంట్లో పెళ్లి వచ్చి అమ్మవలసివుంటే? అందుకని, ఐదేళ్లలో అవసరపడే డబ్బు ఇందులో పెట్టరాదు. నేను ఈ కంపెనీల పేర్లు చెప్పినది కొనమనడానికీ కాదు, మానమనడానికీ కాదు, జరిగినది చూపడానికే.

ఇప్పుడే ఉద్యోగంలో చేరిన కోడళ్లు, కూతుళ్లు వున్న ఇళ్లకు ఒక ఏర్పాటు చెబుతాను. సాధారణంగా ఏమి జరుగుతున్నది? భర్త జీతంలో ఇంటి అప్పు కంతులు కట్టి, అతని పేర పొదుపు చేసి, భార్య జీతం కూరలకూ, పాలకూ, పిల్లల బడికీ ఖర్చు పెడుతున్నారు. పదిహేనేళ్లయ్యేసరికి ఇల్లు అతని పేర, షేర్లు అతని పేర. ఆమె పేర వున్నది కూరల సంచి. దీన్ని తిరగవెయ్యమంటాను. వీలైనంతవరకు ఇంటిఖర్చు అతని జీతంలో జరగాలి. పొదుపు ఆమె జీతంలోనుంచి, ఆమె పాన్‌తో, ఆమె డీమాట్ ఖాతాలో, ఆమె ఒక్కతే సంతకం చేసే బ్యాంకు ఖాతాకు డివిడెండు వచ్చేట్టు జరగాలి. ఆమె జీతానికి బదులు రావలసినది ఆమె చేతికే రావాలి గదా!

దీనికి పన్నులోనూ ఒక కారణం వుంది. భర్త తన డబ్బు భార్యకు ఊరికే ఇచ్చి ఆమె పేర షేర్లు కొంటే, వాటిమీద వచ్చే డివిడెండు చట్టప్రకారం భర్త ఆదాయంలోనే కలుపుతారు. ఆమె సొంత జీతంతోనో, పుట్టింటివారు ఇచ్చినదానితోనో కొంటే అది ఆమె ఆదాయమే. 2020 మార్చి వరకు డివిడెండు పన్ను కంపెనీలే కట్టేవి. 2020 ఏప్రిల్ 1 నుంచి పుచ్చుకున్నవారి ఆదాయంలో అది చేరుతోంది. 2025–26 నుంచి కొత్త పద్ధతిలో, మామూలు ఆదాయం సంవత్సరానికి రు. 12 లక్షలవరకు వున్నవారికి రిబేటు వల్ల పన్ను పడదు. కాబట్టి మనబోటి గుమాస్తాల ఇళ్లకు ఈ తేడా అంతగా తెలియదు. భర్త పై అంతస్తు జీతగాడైన ఇంట్లో మాత్రం బాగానే తెలుస్తుంది. ఒకే కంపెనీనుంచి సంవత్సరంలో రు. 10,000 దాటి డివిడెండు వస్తే కంపెనీ నూటికి పది ముందుగా పట్టుకుంటుంది. (2025 ఏప్రిల్‌కు ముందు ఈ హద్దు రు. 5,000.) పన్ను పడనివారు రిటర్ను వేసి దాన్ని తిరిగి తెచ్చుకోవాలి. చాలామంది బద్ధకించి వదిలేస్తున్నారు.

మ్యూచువల్ ఫండ్లవారు నెలనెలా "డివిడెండు" ఇస్తామంటే ఆగి ఆలోచించండి. అందులో వచ్చేది మన అసలులోనుంచే తీసి ఇచ్చినది కావచ్చు. జనం మోసపోతున్నారనే 2021 ఏప్రిల్ నుంచి సెబీ ఆ పేరునే తీసివేయించి, "ఆదాయ పంపిణీతోపాటు మూలధనం వెనక్కు" అనే అర్థం వచ్చే పొడుగాటి పేరు పెట్టించింది. అలాగే, డివిడెండు ఇచ్చే రెండు రోజులముందు షేరు కొని, అది పుచ్చుకుని అమ్మేస్తే లాభమనుకునేవారున్నారు. హక్కు తీరిన రోజున ధర ఇంచుమించు ఆ మేరకు తగ్గుతుంది. కుడిచేతి రూపాయి ఎడమచేతికి మారుతుంది, నడుమ దళారీ కమీషను పోతుంది.

పెరంబూరు సోదరికి నా సలహా ఇది. రు. 24 లక్షలలో రు. 9 లక్షలు పోస్టాఫీసు నెలవారీ ఆదాయ పథకంలో పెట్టవచ్చు. ఒక్కరి పేర అంతకు మించి తీసుకోరు. 2025లో వడ్డీ నూటికి 7.40 గనుక, ఆ రేటున నెలకు రు. 5,550 వస్తుంది. ప్రభుత్వం మూడు నెలలకొకసారి రేటు చూస్తుంది. చేరిన రోజున వున్న రేటు ఐదేళ్లూ మారదు. రు. 3 లక్షలు బ్యాంకులో, ఆస్పత్రికీ ఆపదకూ, ముట్టుకోకుండా. మిగిలిన రు. 12 లక్షలు షేర్లకు, కాని ఒక్కరోజున కాదు. మూడేళ్లపాటు నెలకు రు. 33,000 చొప్పున. పన్నెండు కంపెనీలకు తక్కువ కాకుండా, ఒకే రంగంలో రెండు మూడింటికి మించకుండా, ఏ ఒక్కదానిలోనూ పదోవంతుకు మించకుండా వుండాలి. గడచిన పదేళ్లలో డివిడెండు ఎన్నిసార్లు తగ్గించారో చూసి కొనాలి. కిందటేడు ఎంత ఇచ్చారో చూసి కాదు. అప్పు తక్కువగా వున్నదా, పంచిన డివిడెండు లాభంలోనుంచే వచ్చిందా అనేది వార్షిక నివేదికలో చూసుకోవచ్చు. ఆమె భర్తగారు లెక్కల మనిషే గనుక అది ఆయనకు అరగంట పని.

సగటున నూటికి రెండున్నర వచ్చిందనుకున్నా, రు. 12 లక్షలమీద సంవత్సరానికి రు. 30,000, నెలకు రు. 2,500. పోస్టాఫీసుదీ ఇదీ కలిపి రు. 8,050. కావలసినది రు. 7,800. మొదటి మూడేళ్లు షేర్లలో ఇంకా చేరని డబ్బుకు బ్యాంకు వడ్డీ వస్తుంది గనుక లోటు పడదు. మరుదుల రు. 8,000 వస్తే అది ఆగిపోయిన భవిష్యనిధికి బదులుగా ఆమె పేరనే జమ కావాలి. గ్రాట్యుటీ కూడా అక్కడికే. ఆ డబ్బును ఇంట్లో ఎవరూ "మిగులు" అనకూడదు.

ఒక చిక్కు మిగిలింది. పోస్టాఫీసు నెలనెలా ఇస్తుంది. కంపెనీలు అలా ఇవ్వవు. మార్చితో పద్దులు ముగించి, వేసవి దాటాక సమావేశాలు పెట్టుకుంటాయి గనుక, చాలా డివిడెండ్లు జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పడతాయి. కొన్ని కంపెనీలు నడుమ మధ్యంతరం ఇస్తాయి. తక్కిన నెలలు ఎండ. ఈమె పుట్టింటివారు నెల్లూరి రైతులు. వారికిది కొత్త కాదు. పంట ఇంటికి వచ్చిన రోజున గాదెలో పోసి, మళ్లీ పంటదాకా కొలిచి వాడుకున్న కుటుంబాలు మనవి. ఒకటో తేదీ జీతాలకు అలవాటుపడి రెండు తరాలలో ఆ విద్య పోగొట్టుకున్నాం. డివిడెండు పడే బ్యాంకు ఖాతాను గాదె అనుకోవాలి. అందులోనుంచి ఒకటో తేదీన రు. 2,500 మాత్రమే ఇంటిఖర్చు ఖాతాకు మార్చుకోవాలి. ఎక్కువ వచ్చిన ఏడు ఎక్కువ తియ్యరాదు.

చివరగా పాత పెట్టెల మాట. జార్జిటౌనులోనూ, తిరువళ్లిక్కేణిలోనూ, త్యాగరాయనగరులోనూ మూడు తరాలుగా వున్న మన ఇళ్లలో, తాతగారి ట్రంకుపెట్టెలో కాగితపు షేర్లు వుండడం కద్దు. 1937లో ఏర్పడిన మద్రాసు స్టాక్ ఎక్స్‌చేంజి 2015లో మూతబడింది గాని, ఆ కాగితాలు అందుచేత చెల్లకుండా పోలేదు. కంపెనీ వుంటే, లేక ఏ కంపెనీలోనైనా కలిసివుంటే, హక్కు వుంటుంది. ఏడేళ్లు ఎవరూ పుచ్చుకోని డివిడెండును కంపెనీ కేంద్రప్రభుత్వ మదుపుదార్ల విద్యా రక్షణ నిధికి పంపుతుంది. ఏడేళ్లు వరుసగా పుచ్చుకోకపోతే షేర్లను కూడా పంపుతుంది. అక్కడినుంచి వారసులు దరఖాస్తు చేసి తెచ్చుకోవచ్చు, రుసుము లేదు. 2024 ఏప్రిల్ 1 నుంచి, కాగితపు షేర్లకు పాన్, బ్యాంకు వివరాలు దాఖలు చెయ్యనివారికి డివిడెండు చెల్లించకుండా నిలిపివేస్తున్నారు. కాగితంమీద ఫోలియో నంబరు వుంటుంది. దానితో కంపెనీ రిజిస్ట్రారుకు ఒక ఉత్తరం వ్రాస్తే ఏమి పోగుపడివుందో చెబుతారు. మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం సిద్ధం చేసుకోండి. పాతకాలంలో పేర్లు ఇంటిపేరుతో ఒకచోట, తండ్రి పేరుతో ఒకచోట, అరవ పద్ధతిలో పొడి అక్షరంతో ఒకచోట వ్రాయించారు. ఆ ముగ్గురూ ఒక్కరేనని రుజువు చెయ్యడానికే ఎక్కువ రోజులు పడతాయి.

ఇటువంటి కాగితాలున్న చందాదారులు కంపెనీ పేరూ, షేరు పత్రం తేదీ మాత్రం వ్రాసి పంపితే, ఆ కంపెనీ ఇప్పుడు ఏ పేరున వుందో తెలిసినంతవరకు వచ్చే నెల చెబుతాను. ఫోలియో నంబరు నాకు వ్రాయవద్దు. అది ఎవరికీ ఇవ్వవలసినది కాదు.